ఫిరంగి పేలేనాటికి మాట్లాడుకునే చోటు మిగల్లేదు

సంపాదకులు గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలో అమెరికా అంతర్యుద్ధం ఎలా మొదలైందన్న విషయంపై వచ్చిన వ్యాసం చదివాను. వ్యాసకర్త శ్రమపడి రాశారు. సైన్యాల వివరాలు, యుద్ధరంగాల వర్ణన చదివించేలా ఉన్నాయి. అయితే రెండు మాటల దగ్గర నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఉత్తరాది పరిశ్రమల కోసం విధించిన దిగుమతి సుంకాలే దక్షిణాదిని విడిపోయేలా చేశాయన్నది మొదటిది. సౌత్ కరొలీనాలోని సమ్టర్ కోట మీద మొదటి ఫిరంగి పేలిన 1861 ఏప్రిల్ 12న రెండు ప్రాంతాల ప్రజలూ యుద్ధానికి సిద్ధపడ్డారన్నది రెండోది. 31 ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి. ఆ సుంకాల మాట నేనూ చాలాకాలం తరగతిలో చెప్పాను, మాకు చేతులు మారుతూ వచ్చిన నోట్సులో అలాగే ఉండేది. అందుకే ఈ ఉత్తరం వ్యాసకర్తను తప్పుపట్టడానికి ఎంతో, నా పాత పాఠాన్ని దిద్దుకోవడానికీ అంతే.

సుంకాల గొడవ జరగలేదని కాదు. 1832లో సౌత్ కరొలీనా సమాఖ్య సుంకాల చట్టం తమ రాష్ట్రంలో చెల్లదని ప్రకటించింది, అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ సైన్యాన్ని పంపడానికైనా వెనుకాడనన్నాడు, మరుసటి ఏడాది సుంకాలు తగ్గించి ఇద్దరూ వెనక్కి తగ్గారు. కానీ అది యుద్ధానికి దాదాపు మూడు దశాబ్దాల ముందటి మాట. 1857 నాటికి దక్షిణాది సభ్యుల మద్దతుతోనే సుంకాలు బాగా తగ్గిపోయాయి. వ్యాసకర్త పేర్కొన్న, సుంకాలను మళ్లీ పెంచిన మోరిల్ చట్టంపై అధ్యక్షుడు సంతకం పెట్టింది 1861 మార్చి 2న. అప్పటికే ఏడు రాష్ట్రాలు విడిపోయామని ప్రకటించుకుని, తమ సభ్యులను వెనక్కి పిలిపించుకున్నాయి. ఆ సభ్యులు తమ కుర్చీల్లోనే కూర్చుని ఉంటే ఆ బిల్లు సెనేట్ గడప దాటడం కష్టమయ్యేది. వెళ్లిపోయిన తరువాత వచ్చిన చట్టం వెళ్లిపోవడానికి కారణం ఎలా అవుతుంది?

ఎందుకు విడిపోతున్నారో వాళ్లే రాసి పెట్టారు. 1860 డిసెంబరు 24న సౌత్ కరొలీనా వెలువరించిన కారణాల ప్రకటనలో సుంకం అన్న ప్రస్తావనే లేదు. బానిసత్వం పట్ల ఉత్తరాది రాష్ట్రాల వైరం పెరిగిపోతోందని, పారిపోయిన బానిసలను పట్టి అప్పగించాలన్న రాజ్యాంగ నిబంధనను ఆ రాష్ట్రాలు తమ సొంత చట్టాలతో నీరుగారుస్తున్నాయని పేరుపేరునా ఏకరువు పెట్టారు. మిసిసిపీ ప్రకటన ఇంకా సూటిగా ఉంది. ‘మా స్థితి బానిసత్వ వ్యవస్థతో పూర్తిగా ముడిపడి ఉంది, అది ప్రపంచంలోకెల్లా గొప్ప భౌతిక ప్రయోజనం’ అని మొదట్లోనే చెప్పేసింది. తరువాతి కాలంలో ‘రాష్ట్రాల హక్కుల కోసం పోరాటం’ అని దీనికి పెద్దపేరు పెట్టారు గానీ, సౌత్ కరొలీనా ఫిర్యాదంతా ఇతర రాష్ట్రాలు తమ హక్కులను వాడుకుంటున్నాయనే. ఈ సంగతి నాకు ఉద్యోగ విరమణ తరువాత గానీ తెలియలేదని చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

అంత పట్టుదల ఎందుకంటే దానికి పునాది పత్తి. 1793లో ఎలీ విట్నీ పత్తి నుంచి గింజలు వేరుచేసే యంత్రం కనిపెట్టాడు. అప్పటిదాకా రోజంతా చేత్తో గింజ తీసినా పొట్టి పింజ పత్తి గిట్టుబాటయ్యేది కాదు, ఆ తరువాత దాన్ని ఎన్ని వేల ఎకరాల్లో వేసినా అమ్ముడుపోయేది. యంత్రం వస్తే మనిషి చాకిరీ తగ్గుతుందని మనం అనుకుంటాం, అక్కడ ఒక పని తేలికై మిగిలిన పనంతా పెరిగిపోయింది. దున్నడానికీ కలుపు తీయడానికీ పత్తి ఏరడానికీ మనుషులు కావాలి, ఆ మనుషులను కొనాలి. 1860 జనగణన నాటికి దేశ జనాభా 3 కోట్ల 14 లక్షలైతే అందులో సుమారు 39 లక్షల 50 వేల మంది బానిసలు. ఆ ఏడు అమెరికా ఎగుమతుల విలువలో సగానికి పైగా పత్తిదే. గుంటూరు జిల్లాలో పత్తి పొలాల మధ్య పుట్టి పెరిగినవాడిని కాబట్టి, ఏ ఊరి బతుకైనా ఒకే పంట మీద ఆధారపడితే ఆ పంట గురించిన ఏ విమర్శనూ ఆ ఊరు చెవికెక్కించుకోదని నాకు తెలుసు. అక్కడ ఆ పంటకు మనుషులే పెట్టుబడి.

ఇక అసలు విషయం. పరస్పర విరుద్ధమైన ప్రయోజనాలున్న రెండు ప్రాంతాలు ఒక దేశంలో ఉండటం వింత కాదు, చాలా దేశాల్లో ఉన్నాయి, అమెరికాలోనూ డెబ్బై ఏళ్లపాటు కలిసే ఉన్నాయి. తగాదా యుద్ధంగా మారింది ఎక్కడ అన్నదే ప్రశ్న. రెండు వైపులవాళ్లూ ఎదురెదురుగా కూర్చుని తిట్టుకోవడానికైనా వీలున్న చోట్లు ఒక్కొక్కటిగా పోవడంలో దానికి జవాబు ఉందని నా అభిప్రాయం. ఇది నా సొంత కల్పనేమీ కాదు. దక్షిణాది పక్షానికి మేధావి అనదగిన జాన్ కాల్హూన్ 1850 మార్చి 4న సెనేట్‌లో తన చివరి ప్రసంగంలో ఈ దేశాన్ని కలిపి కట్టిన తాళ్లు ఒకటొకటిగా తెగిపోతున్నాయని చెప్పాడు. లేచి చదివే ఓపిక లేక, ఆ ప్రసంగాన్ని వర్జీనియా సెనేటర్ జేమ్స్ మేసన్ చేత చదివించి తాను పక్కన కూర్చున్నాడు, ఆ నెలాఖరులోనే కన్నుమూశాడు. ఆ తాళ్లను కోయడంలో ఆయన చేయి ఎంత ఉందన్నది మాత్రం ప్రసంగంలో లేదు.

మొదట తెగింది తపాలా. 1835 జూలైలో బానిసత్వాన్ని వ్యతిరేకించే పత్రికల కట్టలు న్యూయార్క్ నుంచి ఓడలో సౌత్ కరొలీనా రేవుపట్నం చార్ల్స్‌టన్ తపాలా కార్యాలయానికి చేరాయి. ఒక గుంపు రాత్రివేళ కార్యాలయంలోకి జొరబడి ఆ కట్టలను ఎత్తుకుపోయి, మరుసటి రాత్రి బహిరంగంగా తగలబెట్టింది. వాషింగ్టన్‌లోని తపాలా శాఖాధిపతి దీన్ని ఖండించకపోగా, అలాంటి కాగితాలను పంచకుండా ఆపుకోవడానికి స్థానిక అధికారులకు మౌనంగా వీలు కల్పించాడు. ఆ మరుసటి ఏడాది ప్రతినిధుల సభలో బానిసత్వంపై వచ్చే విజ్ఞప్తులను చర్చకే రానివ్వకూడదన్న నియమం పెట్టారు. మాజీ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ ముసలితనంలో మామూలు సభ్యుడిగా కూర్చుని ఎనిమిదేళ్లు దానితో పోరాడితే గానీ 1844లో ఆ నియమం తొలగలేదు. తరువాత చర్చిలు. జార్జియాకు చెందిన ఒక బిషప్ బానిసల యజమాని కావచ్చా అన్న పేచీతో 1844లో మెథడిస్టు సంఘం రెండుగా చీలింది, మరుసటి ఏడాది బాప్టిస్టులు చీలిపోయారు. ఒకే బైబిల్, ఒకే కీర్తనలు, వేర్వేరు సంఘాలు. ఒక ప్రాంతపు పాస్టరు మరో ప్రాంతపు విశ్వాసితో ‘నువ్వు చేస్తున్నది పాపం నాయనా’ అని చెప్పగలిగిన బంధుత్వం అక్కడితో సరి.

1850లో పారిపోయిన బానిసలను పట్టి అప్పగించే చట్టాన్ని కఠినం చేశారు. దక్షిణాదివాళ్లకు అది గెలుపులా కనిపించింది, నిజానికి అదే వాళ్ల కొంప ముంచింది. అంతవరకు ఉత్తరాది పట్టణవాసికి బానిసత్వమంటే ఎక్కడో దూరాన జరిగే సంగతి. 1854లో వర్జీనియా నుంచి పారిపోయి బోస్టన్‌లో బతుకుతున్న ఆంథొనీ బర్న్స్ అనే యువకుణ్ణి పట్టుకుని, కోర్టు ఆర్డరుతో, జూన్ 2న సైనికుల కాపలా మధ్య ఓడ దగ్గరకు నడిపించుకు వెళ్లారు. వీధి పొడవునా కిటికీలకు నల్లబట్టలు కట్టారు. వేలాదిమంది ఇరుపక్కలా నిలబడి చూశారు. ఒక్క మనిషిని తీసుకుపోవడానికి ఇన్ని తుపాకులు కావలసి వచ్చిన దృశ్యం ఏ ప్రసంగమూ చేయలేని పని చేసింది. దక్షిణాది పత్తితోనే నడిచే బట్టల వ్యాపారంలో సంపన్నుడైన ఏమస్ లారెన్స్, రాత్రి పాతకాలపు మితవాదులుగా పడుకున్న తాము తెల్లవారి లేచేసరికి పచ్చి బానిసత్వ వ్యతిరేకులమైపోయామని రాశాడు.

ఈ లారెన్స్ పేరును పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. అదే 1854లో సెనేటర్ స్టీఫెన్ డగ్లస్ తెచ్చిన చట్టం, బానిసత్వ విస్తరణకు 1820 నుంచి హద్దుగా ఉన్న రేఖను చెరిపేసి, ఇంకా రాష్ట్రం కాని కాన్సాస్‌లో బానిసత్వం ఉండాలో వద్దో అక్కడి జనమే ఓటు వేసి తేల్చుకుంటారంది. వినడానికి ఇంతకన్నా ప్రజాస్వామికమైన మాట లేదు. ఫలితం ఏమిటంటే, 1855 మార్చి ఎన్నికల్లో సుమారు 2,900 మంది ఓటర్లున్న చోట 6,300కు పైగా ఓట్లు పడ్డాయి. పక్కనున్న మిస్సోరి నుంచి తుపాకులు పట్టుకుని వచ్చినవాళ్లు ఓటేసి సాయంత్రానికి ఇళ్లకు వెళ్లిపోయారు. ఉత్తరాది నుంచి వలస వెళ్లినవాళ్లు తమకు డబ్బు సమకూర్చిన లారెన్స్ పేరుతో కాన్సాస్‌లో ఊరు కట్టుకున్నారు. 1856 మే 21న బానిసత్వ పక్షపు మూక ఆ ఊరి హోటల్‌ను తగలబెట్టి, అచ్చు యంత్రాలను ధ్వంసం చేసింది. మూడు రోజులకు బానిసత్వ వ్యతిరేకి జాన్ బ్రౌన్ మనుషులు పొటావటోమీ వాగు దగ్గర అయిదుగురిని ఇళ్లలోంచి బయటికి లాగి కత్తులతో నరికారు. అంతర్యుద్ధం ఏ రోజు మొదలైందని ఎవరైనా నన్ను తేదీ అడిగితే, నేను 1861 చెప్పను, ఈ వారం చెబుతాను.

ఎందుకంటే ఆ రెంటికీ మధ్య, మే 22న, సెనేట్ సభామందిరంలోనే ఒక ఘటన జరిగింది. మసాచుసెట్స్ సెనేటర్ చార్లెస్ సమ్నర్ కాన్సాస్ గురించి రెండు రోజులు ప్రసంగిస్తూ సౌత్ కరొలీనా సెనేటర్ ఆండ్రూ బట్లర్‌ను మరీ నీచంగా తూలనాడాడు, అందులో మర్యాద లేదన్నది నిజం. బట్లర్ బంధువు, ప్రతినిధుల సభ సభ్యుడు ప్రెస్టన్ బ్రూక్స్, సభ ముగిశాక బల్ల దగ్గర కూర్చుని ఉత్తరాలు చూసుకుంటున్న సమ్నర్ తల మీద చేతికర్రతో ఆ కర్ర ముక్కలయ్యే దాకా కొట్టాడు. నేలకు బిగించిన బల్ల కింద కాళ్లు ఇరుక్కుని లేవలేకపోయిన సమ్నర్ చివరికి దాన్ని పెకలించుకుని రక్తపు మడుగులో పడ్డాడు. ఆయన సభకు సరిగా తిరిగి రావడానికి మూడేళ్లు పట్టింది. ఒక ఉన్మాది చేసిన దాడి ఏ దేశంలోనైనా జరగవచ్చు. దాని తరువాత ఏం జరిగిందన్నది చూడాలి. బ్రూక్స్‌ను బహిష్కరించడానికి కావలసిన మూడింట రెండు వంతుల ఓట్లు రాలేదు. అతడు రాజీనామా చేస్తే అతని నియోజకవర్గం మళ్లీ అతన్నే గెలిపించి పంపింది. విరిగిన కర్ర బదులుగా అభిమానులు కొత్త కర్రలు పంపారు, కొన్నింటి మీద ‘మళ్లీ కొట్టు’ అని చెక్కించారు. దెబ్బ తిన్నవాడు ఒక ప్రాంతానికి అమరుడు, కొట్టినవాడు మరో ప్రాంతానికి వీరుడు అయ్యాక ఆ సభలో చర్చకు అర్థమేముంది? ఆ తరువాతి ఏళ్లలో సభ్యులు జేబుల్లో పిస్తోళ్లు పెట్టుకుని సభకు వచ్చారు.

న్యాయస్థానం సంగతి క్లుప్తంగా చెబుతాను. 1857 మార్చి 6న, తన స్వేచ్ఛ కోసం కోర్టుకెక్కిన బానిస డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ, నల్లవారు పౌరులు కాజాలరని, ఇంకా రాష్ట్రాలు కాని ఏ భూభాగంలోనూ బానిసత్వాన్ని నిషేధించే అధికారం కాంగ్రెసుకు లేదని తీర్పు చెప్పాడు. తగాదాను ఒక్క వేటుతో తేల్చేద్దామన్న ఆలోచన అది. తీర్పు వచ్చాక సగం దేశం కోర్టు మాటను కోర్టు మాటగా వినడం మానేసింది.

చివరికి మిగిలిన తాడు డెమొక్రాటిక్ పార్టీ. రెండు ప్రాంతాల్లోనూ గెలవగల పార్టీ అప్పటికి అదొక్కటే, దానికి పోటీగా ఉండిన విగ్ పార్టీ కాన్సాస్ దెబ్బకే కుప్పకూలింది. 1860 ఏప్రిల్‌లో, ఎంచి ఎంచి చార్ల్స్‌టన్‌లోనే, ఆ పార్టీ మహాసభ పెట్టారు. కొత్త భూభాగాల్లో బానిసత్వానికి సమాఖ్య ప్రభుత్వమే రక్షణ ఇవ్వాలన్న తీర్మానం నెగ్గకపోవడంతో దక్షిణాది ప్రతినిధులు లేచి వెళ్లిపోయారు, గ్యాలరీల్లోని జనం చప్పట్లు కొట్టారు. పార్టీ ఇద్దరు అభ్యర్థులను నిలబెట్టింది. నవంబరు 6న, బానిసత్వ విస్తరణను వ్యతిరేకించే రిపబ్లికన్ పార్టీ అభ్యర్థి అబ్రహాం లింకన్ 40 శాతం కూడా దాటని ఓట్లతో, 303 ఎలక్టోరల్ ఓట్లలో 180 తెచ్చుకుని గెలిచాడు. ఆ రోజుల్లో బ్యాలెట్ కాగితాలను పార్టీలే అచ్చు వేసి పంచేవి. దక్షిణాది రాష్ట్రాల్లో చాలావాటిలో లింకన్ పేరున్న కాగితమే ఓటరు చేతికి అందలేదు. తమ ప్రాంతంలో ఒక్క ఓటూ అడగనివాడు తమకు అధ్యక్షుడయ్యాడని ఒకరు, చట్టప్రకారం గెలిచిన ఎన్నికను ఒప్పుకోరేమిటని ఇంకొకరు. ఇద్దరి వాదనా ఎవరికి వారికి సబబుగా తోచేదే, ఇద్దరూ కలిసి వాదించుకునే చోటే ఎక్కడా లేదు.

డిసెంబరు 20న చార్ల్స్‌టన్‌లో కూడిన సౌత్ కరొలీనా సభ 169–0తో విడిపోతున్నట్టు తీర్మానించింది. కొద్ది నిమిషాల్లోనే స్థానిక పత్రిక అచ్చేసిన ప్రత్యేక ప్రతి వీధుల్లోకి వచ్చింది. ఇక్కడే వ్యాసకర్త ‘దక్షిణాది ప్రజలు’ అన్న మాటను ఆగి చూసుకోవలసింది. ఆ రాష్ట్రంలో నూటికి 57 మంది బానిసలు, వాళ్లను ఎవరూ అడగలేదు. ఆడవాళ్లకు ఓటు లేదు. సభలో కూర్చున్నవాళ్లలో అత్యధికులు బానిసల యజమానులు. ఏకగ్రీవమన్న ఆ అంకె వెనుక రాష్ట్ర జనాభాలో ఎంతమంది ఉన్నారో లెక్క వేసుకుంటే వేళ్లు చాలు. పక్క రాష్ట్రాల్లో ఆ మాత్రం ఏకగ్రీవమూ లేదు. జార్జియాలో 208–89, అలబామాలో 61–39. అయినా 1861 ఫిబ్రవరి 1న టెక్సస్‌తో కలిసి ఏడు రాష్ట్రాలయ్యాయి, ఆ నెలలోనే మోంట్‌గోమరీలో కొత్త ప్రభుత్వం, జెఫర్సన్ డేవిస్ అధ్యక్షుడు. దాని ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ మార్చి 21న సవానా ప్రసంగంలో, నల్లవాడు తెల్లవాడికి సమానుడు కాడన్నదే తమ ప్రభుత్వానికి మూలరాయి అని దాపరికం లేకుండా చెప్పాడు. సుంకాల సిద్ధాంతానికి ఇంతకన్నా పెద్ద సాక్షి అక్కర్లేదు.

ఆ శీతాకాలమంతా వాషింగ్టన్‌లో పదవి దిగిపోబోతున్న అధ్యక్షుడు బుకానన్, విడిపోయే హక్కు రాష్ట్రాలకు లేదని, అయితే విడిపోతే బలవంతాన ఆపే హక్కు తనకూ లేదని చెప్పి చేతులు దులుపుకున్నాడు. రాజీ ప్రయత్నాలకు లోటు లేదు. బానిసత్వం ఉన్న రాష్ట్రాల్లో దాన్ని ఎన్నటికీ ముట్టుకోబోమన్న రాజ్యాంగ సవరణను కూడా మార్చి 2న కాంగ్రెసు ఆమోదించింది. వినేవాళ్లు వెళ్లిపోయాక వడ్డించిన విస్తరి అది. అటు చార్ల్స్‌టన్‌లో, విడిపోవడం వల్ల చిందే రక్తమంతా తాను తాగేస్తానని మాజీ సెనేటర్ జేమ్స్ చెస్నట్ అన్నాడని చెబుతారు, అదంతా కుట్టుపనికి వేలికి తొడుక్కునే అంగుష్టానలో పట్టేస్తుందని ఊళ్లో నానుడి. ఉత్తరాదివాళ్లు కొట్టుకాడి లెక్కల మనుషులు, వాళ్లకు యుద్ధం చేత కాదని దక్షిణాదివాళ్ల నమ్మకం. నలుగురు జమీందార్ల బెదిరింపు తప్ప సామాన్య జనం తమతోనే ఉన్నారని ఉత్తరాదివాళ్ల నమ్మకం. రాకపోకలు, మాటామంతీ ఉన్న రోజుల్లో అయితే ఎదుటివాడి గురించి ఇంత తప్పు అంచనా వేసుకోవడం సాధ్యమయ్యేది కాదు.

నిరుడు నార్త్ కరొలీనాలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు పట్టుబట్టి చార్ల్స్‌టన్ వెళ్లాను. రేవు నుంచి సమ్టర్ కోటకు పడవలో అరగంట ప్రయాణం. దిగి చూస్తే నీళ్ల మధ్య ఒక పొట్టి ఇటుక గోడ, అంతే. ఒకప్పుడు మూడంతస్తులు ఉండేదట, యుద్ధంలో కొట్టగా కొట్టగా ఒక్కటే మిగిలింది. గోడలో ఇంకా గుండ్లు ఇరుక్కుని ఉన్నాయి. దీని కోసమా ఇంత రక్తపాతం అని మా మనవడు అడిగాడు. కోటకు విలువ లేదు, దాని మీది జెండాకే ఉంది. అందులో ఎనభై అయిదు మంది దాకా సైనికులు. వాళ్ల అధికారి మేజర్ రాబర్ట్ ఆండర్సన్ బానిసత్వం ఉన్న కెంటకీలో పుట్టినవాడు, ఒకప్పుడు బానిసల యజమాని కూడా. ఒడ్డున ఫిరంగులు గురిపెట్టి నిలబడిన దక్షిణాది సేనాని బ్యూరెగార్డ్‌కు వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో ఫిరంగి విద్య నేర్పిన గురువు ఆయనే. ఇద్దరి మధ్య నడిచిన ఉత్తరాల్లో మర్యాదకు ఎక్కడా లోపం కనిపించదు. మనుషుల మధ్య స్నేహం మిగిలి ఉంది, వాళ్లిద్దరూ కొలువు చేస్తున్న ప్రభుత్వాల మధ్యే మాట లేదు.

మార్చి 4న లింకన్ పదవి చేపట్టాడు. మరునాడే, కోటలో తిండి ఆరు వారాలకు మించి రాదని ఆండర్సన్ రాసిన కబురు అందింది. మంత్రుల్లో ఎక్కువమంది కోటను ఖాళీ చేసేద్దామన్నారు. విదేశాంగ మంత్రి సీవర్డ్ అయితే దక్షిణాది దూతలకు మధ్యవర్తి ద్వారా కోట ఖాళీ అవుతుందనే భరోసా పంపాడు, ఆ భరోసా ఇచ్చే అధికారం ఆయనకు లేదు. లింకన్ చివరకు, తిండి మాత్రమే పంపుతున్నాను, ఆయుధాలు కాదు, మీరు అడ్డు పడకపోతే సైన్యాన్ని దించను అని ఏప్రిల్ 8న సౌత్ కరొలీనా గవర్నరుకు కబురు చెప్పించాడు. బంతి ఇప్పుడు డేవిస్ వైపు ఉంది. అతని విదేశాంగ మంత్రి రాబర్ట్ టూంబ్స్, కాల్పులు మొదలుపెడితే కందిరీగల తుట్టెను కదిపినట్టేనని హెచ్చరించాడు. అయితే వర్జీనియా ఇంకా ఊగిసలాడుతోంది. విడిపోయే తీర్మానాన్ని దాని సభ ఏప్రిల్ 4ననే సుమారు రెండింతల మెజారిటీతో తిరగ్గొట్టింది. వర్జీనియాకే చెందిన రోజర్ ప్రయర్ ఏప్రిల్ 10న చార్ల్స్‌టన్‌లో నిలబడి, ఒక్క దెబ్బ కొట్టండి, రక్తం చిందిన క్షణాన మా రాష్ట్రం మీ వెంట వస్తుందన్నాడు. వ్యాసకర్త మొదటి ఫిరంగిని ఆగ్రహానికి అంటగట్టారు. నాకు అందులో ఆగ్రహం కన్నా లెక్కే ఎక్కువగా కనిపిస్తుంది. అటూ ఇటూ కాని రాష్ట్రాలను లాక్కోవడానికి రక్తం కావాలి.

ఏప్రిల్ 12 తెల్లవారుజామున నాలుగున్నరకు మొదటి గుండు కోట మీద పేలింది. చెస్నట్ భార్య మేరీ మంచం మీద నుంచి దిగ్గున లేచి మోకాళ్ల మీద పడి ప్రార్థించానని దినచర్యలో రాసుకుంది. ఊరు ఊరంతా మేడల మీదికెక్కి చూసింది. ముప్పై నాలుగు గంటలు కాల్పులు జరిగితే ఒక్క ప్రాణమూ పోలేదు. లోపలివాళ్ల దగ్గర తినడానికి ఉప్పు వేసిన పంది మాంసం తప్ప ఏమీ మిగలక ఆండర్సన్ లొంగిపోయాడు. 14న జెండా దించుతూ వందనంగా ఫిరంగులు పేలుస్తుంటే ఒకటి ప్రమాదవశాత్తు పేలి ఒక సైనికుడు అక్కడికక్కడే చనిపోయాడు. ఆరు లక్షలకు పైగా ప్రాణాలను, ఒక అంచనా ప్రకారం ఏడున్నర లక్షలను బలిగొన్న యుద్ధంలో తొలి మరణం అది. ఆ రోజు వరకు అంగుష్టాన నానుడి నిజమే అనిపించి ఉంటుంది.

15న లింకన్ 75,000 మంది సైనికులను మూడు నెలల కోసం పంపమని రాష్ట్రాలను కోరాడు. ప్రయర్ చెప్పినట్టే అయింది. 17న వర్జీనియా సభ 88–55తో విడిపోవడానికి ఒప్పుకుంది, ఆర్కన్సా, నార్త్ కరొలీనా, టెన్నెసీ వరుసగా వెళ్లాయి. అంటే విడిపోయిన 11 రాష్ట్రాల్లో నాలుగు, లింకన్ గెలిచినందుకు కాదు, తమ సోదర రాష్ట్రాల మీద సైన్యాన్ని పంపమన్నందుకు వెళ్లాయి. ఈ తేడాను వ్యాసకర్త పట్టించుకోలేదు. బానిసత్వం ఉన్న రాష్ట్రాలే అయినా కెంటకీ, మిస్సోరి, మేరీలాండ్, డెలావేర్ వెళ్లలేదు. బానిసలు తక్కువగా ఉన్న వర్జీనియా పడమటి కొండసీమ తన రాష్ట్రం నుంచే విడిపోయి 1863లో వెస్ట్ వర్జీనియాగా ఏర్పడింది. ‘దక్షిణాది’ అన్న ఒకే ముద్ద ఏదీ యుద్ధానికి ముందు లేదు, యుద్ధం దాన్ని తయారుచేసింది.

వ్యాసంలో మన ప్రాంతం ప్రస్తావనే లేదు కాబట్టి ఒక్క మాట. పత్తి ఆపేస్తే బ్రిటన్ దారికొచ్చి తమను గుర్తిస్తుందని దక్షిణాది లెక్క. లాంకషైర్ మిల్లుల పత్తిలో అయిదింట నాలుగు వంతులు అక్కడిదే కాబట్టి అది మరీ గాలి లెక్క కాదు. కానీ మిల్లుల గోదాముల్లో నిల్వలున్నాయి, అవి అయిపోయేసరికి వాళ్లు ఈజిప్టు వైపు, మన వైపు చూశారు. బొంబాయిలో పత్తి ధర ఆకాశాన్నంటింది, ఇటు కృష్ణా, గుంటూరు నల్లరేగళ్ల పత్తికి గిరాకీ పెరిగి కాకినాడ రేవు కళకళలాడింది. కోకనాడ అన్న పేరు ఒక పత్తి రకానికే నిలిచిపోయింది. 1865లో యుద్ధం ఆగగానే ధర దభీమని పడింది. సమ్టర్ కోట పేరు వినని మన రైతు ఇంటికి కూడా ఆ ఫిరంగి ఎలా చేరిందో రాయడానికి మీ పత్రికలో మరో ఆదివారం కేటాయించవచ్చు.

‘రెండు ప్రాంతాల ప్రజలూ సిద్ధపడ్డారు’ అన్న వాక్యాన్ని సవరించమని నా విన్నపం. చార్ల్స్‌టన్‌లో ఎవరూ అడగని ఆ 57 శాతంలో రాబర్ట్ స్మాల్స్ అనే యువ బానిస ఉన్నాడు. దక్షిణాది సైన్యానికి సరకులు మోసే ‘ప్లాంటర్’ అనే ఓడను నడిపేవాడు. 1862 మే 13న తెల్లవారకముందే, తెల్ల అధికారులు ఒడ్డున నిద్రపోతుండగా, భార్యాబిడ్డలనూ తోటివాళ్ల కుటుంబాలనూ ఎక్కించుకుని, కెప్టెన్ గడ్డిటోపీ నెత్తిన పెట్టుకుని, అదే సమ్టర్ కోట ముందు నుంచి, ఇవ్వవలసిన ఈల సంకేతం ఇస్తూ ఓడను నడిపించుకు వెళ్లాడు. ఫిరంగుల పరిధి దాటాక ఉత్తరాది నావికాదళానికి కనబడేలా ఒక తెల్ల దుప్పటి ఎగరేశాడు. అతను కూడా సౌత్ కరొలీనావాడే.

భవదీయుడు,
విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
గుంటూరు